కబురు చెప్పే భాష

చొప్పదండి,
12 ఆగస్టు 2025

నరేశ్ అన్నకు,

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. నీ గదిలో ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తోంది. సాయంత్రం ఎప్పుడు ఫోన్ చేసినా నువ్వు మాట్లాడుతుండగా పక్కనుంచి ఆ గొంతు వస్తుంది, నువ్వు గాభరాగా ఫోన్ పెట్టేస్తావు. కన్నతల్లి అవ్వ విన్నది, వదిన విన్నది, నేనూ విన్నాను. నిన్న కోమల వదిన పాపను తీసుకుని మందమర్రి, పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఫోన్‌లో అడుగుదామంటే, అది మోగగానే అవ్వ స్పీకర్ పెట్టమంటుంది. ఈ ఇంట్లో అవ్వకు అందనిది కాయిదం ఒక్కటే. అందుకే రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అట్లాగే పంపు.

వదిన బస్టాండుకు పోతూ అన్న మాట రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. "మీ అన్న మస్కట్‌ల ఇంకో సంసారం పెట్టిండు. భాష తెల్వకపోతేంది, గొంతు తెల్వదా నాకు? అలిగిన పెండ్లం గొంతది" అన్నది. అవ్వ మాత్రం "ఏ, టీవీ గావచ్చు" అంటుంది. అంటుంది గాని అన్నం సరిగ్గా తినడం లేదు. టీవీ అయితే రోజూ ఒక్కతే ఎందుకు మాట్లాడుతుంది అని నన్నే అడుగుతుంది.

నేను బాగానే ఉన్నాను. రోజూ కరీంనగర్ బస్సు, కోచింగ్ సెంటర్, మళ్ళీ బస్సు. మా సార్ క్లాసు గోడకు పెద్ద పటం ఒకటి పెట్టించాడు. ఇంగ్లీషు సొంత భాష కాని దేశాల్లో ఎవరికి ఎంత ఇంగ్లీషు వస్తుందో రంగులు వేసి చూపించే పటం. నెదర్లాండ్స్ ముదురు ఆకుపచ్చ. ఫిలిప్పీన్స్ కూడా పచ్చగానే ఉంది. మనది పసుపు. నువ్వున్న ఒమన్ ఎరుపు. ఇంగ్లీషు వస్తే భూమ్మీద ఎక్కడి మనిషితోనైనా మాట్లాడొచ్చు అని నేను పిల్లలకు ఆ పటం ముందు నిలబడే చెప్తాను. నీ గదిలోని గొంతు మాత్రం నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదన్నా. అది ఇంగ్లీషు కాదు, హిందీ కాదు.

ఆమె ఎవరు? ఉన్నదున్నట్టు రాయి.

నీ చెల్లె,
మమతారాణి


మస్కట్,
16 ఆగస్టు

చెల్లె మమతకు, అన్న రాస్తున్న.

తప్పులుంటే నవ్వకు. నువ్వు బడి నుంచి వచ్చి, నేను మరమగ్గం సాంచ నడుపుకుంట నిలవడితే, పలకమీద రాసి చూపెట్టిన అక్షరాలే నాకున్నయి. సాంచ చప్పుడుల గట్టిగ ఒర్రి నేర్పినవు. గందుకే నేను రాసినా ఒర్రినట్టే ఉంటది.

గదిల ఆడమనిషి లేదు. ఫోన్ల ఉన్నది. గా ఫోను నాది గాదు. సచ్చినోనిది.

తువాన్ అని, వియత్నాం మనిషి. వెల్డింగ్ పని. నా పై మంచం ఆయనది. ఆ దేశపోళ్ళు ఇంక కొందరుండిరి గని పని ఒడిసిందని పోయిన్రు, ఈయనొక్కడే మిగిలిండు. మా నడుమ భాష లేదు చెల్లె. గుడ్, నో గుడ్, ఈట్, స్లీప్, టుమారో. గంతే. గీ మాటల మీదనే మేం కలిసి వండుకున్నం, కొట్లాడినం, నవ్వుకున్నం. నువ్వు రంగుల పటం అన్నవు గద, గా పటం గీ క్యాంపుల నడుస్తది. ఫిలిప్పీన్సోళ్ళకు ఇంగ్లీషు నీళ్ళ లెక్క వస్తది, వాళ్ళు ఏసీ ఆఫీసుల కూసుంటరు. మనోళ్ళు, నేపాలోళ్ళు హిందీతోని గడుపుకుంటరు. మిస్ర్, అదే ఈజిప్టు, దేశపు ఫోర్మన్‌కు అరబ్బీ ఉన్నది, ఇంగ్లీషుతోని పనే లేదు. తువాన్‌కు ఏదీ లేదు. ఎవరన్న ఏమన్న అంటే నవ్వి తలకాయ ఊపుతుండె.

జూన్‌ల మస్తు ఎండలు. ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చి, తెగిన బూటు కుట్టుకుంట కూసున్నడు. సగం కుట్టి, నాకు చూపెట్టి "టుమారో" అన్నడు. పైకెక్కి పండుకున్నడు. తెల్లారి బస్సు హారన్ కొడుతుంటె అందరు ఉరికిన్రు, ఆయన లేవలే. గుండె ఆగిందన్నరు.

ఆయన ఛార్జర్ కరాబై, ఫోను నా దానికి పెట్టి ఉండె, దానికి లాక్ గూడ లేదు. సామాను మూటగట్టి తీస్కపోయినోళ్ళు గా ఫోను చూడలే. నేనూ ఇయ్యలే. ఎందుకు ఇయ్యలేదో నాకే తెల్వది. పొద్దుగూకంగ బస్సు దిగి గదిలకొస్తనో లేదో, గా ఫోను మోగుతది. ఆయన పెండ్లాం లియెన్ మాట రికార్డు చేసి పంపుతది. ఆమె పాత ఫోటో చూపెట్టిండు నాకు, సంకల బిడ్డ. నేను వొత్తి వింట, గది నడుస్తుండంగనే మీ ఫోన్ వస్తే ఎత్తుత, గదే మీకు ఇనవడ్డది. ఏమంటదో తెల్వది. ఒక్కోపారి పాట లెక్క ఉంటది, ఒక్కోపారి గులుగుతది. ఇప్పుడు పని కాడ కూడ నా చెవుల గా గొంతే తిరుగుతుంది.

ఆఫీసుల ఫిలిప్పినో మేడంను అడిగిన. "ఆయన భార్యకు ఫోన్ల చెప్పినం. నీ భర్త చనిపోయిండు, ఇక్కడనే మట్టి చెయ్యొచ్చునా అని అడిగినం. ఎస్, థాంక్యూ అన్నది" అన్నది. గట్లనే రాసుకున్నరట. కాయిదాలు ఒడవక పీనుగు ఇంక దవఖాన ఐసుల ఉన్నది. సెప్టెంబర్ ఇరవై రెండు నాడు గీడనే మట్టి చేస్తరట.

చెల్లె, మొగడు సచ్చిండని తెల్సినామె రోజు గా మొగనికే మాట పంపుతదా? ఆమెకు తెల్వది. నువ్వు చదువుకున్నదానివి, ఏం చెయ్యాల్నో చెప్పు. కోమలకు నువ్వే నచ్చజెప్పు. అవ్వకు చెప్పకు, సచ్చినోని ఫోను దగ్గర పెట్టుకున్నడంటే బుగులు పడ్తది.

మీ అన్న
నరేశ్


కరీంనగర్, బస్టాండు నుంచి,
19 ఆగస్టు

అన్నా,

నీ ఉత్తరం క్లాసుకు ముందు చదివాను. ఆ రోజు పాఠం ఏం చెప్పానో నాకే గుర్తులేదు.

ముందు ఒక మాట. నువ్వు ఆమె మాట విన్నప్పుడల్లా ఆమె ఫోన్‌లో నీలి గుర్తు పడుతుంది. అంటే ఆమె లెక్కలో తువాన్ రోజూ వింటున్నాడు. వింటున్నాడు గాని పలకడం లేదు. ఇది నీకు తోచిందా?

వదినకు ఫోన్ చేసి అంతా చెప్పాను. నమ్మలేదు. "సచ్చినోని మీదికి తోసి తప్పించుకుంటుండు మీ అన్న" అన్నది.

ఆలోచించి ఒక దారి పట్టాను. పటంలో వియత్నాం రంగూ మన రంగూ ఒక్కటే. అంటే వాళ్ళకూ మనకు వచ్చినంత ఇంగ్లీషు వస్తుంది. ఆమెకు రాకపోతే ఇంట్లో ఎవరికో, పక్కింట్లో ఎవరికో వస్తుంది. ఆఫీసు మేడం గబగబా చెప్పి ఉంటుంది. నేను చిన్న చిన్న వాక్యాల్లో, ఆగి ఆగి రికార్డు చేశాను. నువ్వు ఎవరివో, తువాన్‌కు ఏమైందో, ఆఫీసు ఏం అడుగుతుందో, అన్నీ. క్లాసులో పిల్లలకు వినిపించినా తప్పు పట్టలేనంత శుభ్రంగా వచ్చింది. దాన్ని ఆ ఫోన్‌లోంచి పంపు.

దేవుడు ఆమెకు ధైర్యమివ్వాలి.

మమత


మస్కట్,
24 ఆగస్టు

చెల్లె,

నీలి గుర్తు నాకు తెల్వదనుకున్నవా? తెల్సే విన్న. వినకపోతే ఆమె పరేషాన్ అయితదనుకున్న. ఎవరో ఒకరు వింటే మనిషి ఉన్నట్టే గదా అనిపించె. తప్పో ఒప్పో నువ్వే చెప్పు.

నీ మాట పంపిన. జర సేపటికే జవాబు వచ్చింది. వెనుక పిల్ల నవ్వుతుంది, గిన్నెల చప్పుడు. ఆమె సంబురంగ "ఎస్. ఎస్. థాంక్యూ" అన్నది.

మళ్ళ వొత్తి విన్న, గదే మాట.

రాత్రంత గా గొంతు ఎవరిదని ఆలోచించిందేమో, తెల్లారి ఇంకోటి వచ్చింది. గా మాట విన్నంక నాకు అన్నం పోలే. ఏడుసుడు, తిట్టుడు, మళ్ళ ఏడుసుడు. గా భాష నాకు రాకున్న గా తిట్లు నాకు తెల్సు. మొన్న కోమల నన్ను గిట్లనే తిట్టింది. చెల్లె, మొగని ఫోన్ల నుంచి ఇంగ్లీషు మాట్లాడే పడుసుపిల్ల గొంతు పోతే ఏ పెండ్లామైనా ఏమనుకుంటది? నువ్వు చావు కబురు పంపినవు. ఆమెకు సవతి కబురు పోయింది.

గప్పటి సంది ఫోను మోగుతలేదు. మోగినన్ని దినాలు భయమైతుండె. ఇప్పుడు మోగుతలేదని భయమైతుంది. పొద్దుగూకితే పై మంచం దిక్కు చూస్త. కొత్త మనిషినెవర్నీ వెయ్యలే. సగం కుట్టిన బూటు మంచం కింద గన్నే ఉన్నది.

ఫోన్ల తర్జుమా చేసే మిషన్‌కు ఆమె మాటలు వినిపించిన. ఊరి యాస గావచ్చు, పొంతన లేని ముక్కలు చెప్పింది. అయినా మనిషి పోయిన ముచ్చట మిషన్ తోని చెప్పిస్తరా?

నావల్ల గాదు. ఫోను ఆఫీసుల ఇచ్చేస్త. ఇన్ని దినాలు ఎందుకు దాసినవని అడుగుతే ఏం చెప్పాల్నో గది కూడ నువ్వే ఇంగ్లీషుల రాసి పంపు.

నరేశ్


చొప్పదండి,
25 ఆగస్టు

అన్నా, ఫోన్ ఇవ్వొద్దు. ఆఫీసులో ఇస్తే సొరుగులో పడేస్తారు. అప్పుడు ఆమెకు మనం చేసిన నష్టమే మిగులుతుంది.

తప్పు నాది. ఆమె పాత మాటలు కొన్ని నాకు పంపు. మా సెంటర్‌లో వేరే దేశాల పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడించే ఆన్‌లైన్ గంట ఒకటి మొదలుపెట్టారు. అందులో వియత్నాం వాళ్ళు ఎవరైనా ఉన్నారేమో వెతుకుతాను. అప్పటిదాకా దాన్ని ఛార్జింగ్‌లోనే ఉంచు.

మమత


మస్కట్,
5 సెప్టెంబర్

చెల్లె,

ఇయ్యలే. ఆఫీసు గుమ్మందాక పోయి మర్లివచ్చిన. నువ్వడిగినయి పంపిన.

నిన్న పొద్దుగూకంగ మోగింది. ఆమె గాదు, పిల్ల. ఒక్క మాటనే మళ్ళ మళ్ళ అన్నది. ఏ భాషల అయినా గది నాయినను పిలుసుడే. వెనుకనుంచి తల్లి గొంతు మెల్లగ ఏదో అందిస్తుంది, పిల్ల గట్లనే అంటుంది.

నేను వినకుండ ఉందామనుకున్న. వేలు దానంతటదే పోయింది. ఇగ ఆమెకు నీలి గుర్తు పడ్డది. నాయిన విన్నడని పిల్లకు చెప్పి ఉంటది.

జల్ది ఏదన్న చెయ్యి.

నరేశ్


చొప్పదండి,
14 సెప్టెంబర్ 2025

అన్నా,

దొరికింది. పేరు మై. హనోయిలో ఇంజనీరింగ్ చదువుతోంది. మా ఆన్‌లైన్ గంటలో ఆమెకు జోడీగా నన్ను కూర్చోబెట్టారు. నేను నేర్పేదాన్ని అని ధీమాగా కూర్చున్నాను. ఆమె ఇంగ్లీషు ముందు నాకు మాటలు తడబడ్డాయి. తర్వాత లియెన్ మాటలు వినిపించాను. అది తమ ఊళ్ళవైపు యాస అని, తన నానమ్మ అట్లాగే మాట్లాడేదని చెప్పి, విన్నకొద్దీ చేత్తో నోరు మూసుకుంది.

పటంలో మైకీ లియెన్‌కీ ఒకటే రంగు. నాకూ అవ్వకూ ఒకటే రంగు. దాని ముందు నిలబడి ఇన్నాళ్ళూ ఏం చెప్పానో తలుచుకుంటే సిగ్గేస్తోంది. దేశానికి ఒక రంగు వేశారు గాని, ఒక ఇంట్లోనే ఎన్ని రంగులుంటాయో ఎవరు వేస్తారు?

లియెన్ ఇన్నాళ్ళూ ఏం చెప్పిందో రాస్తున్నాను. వాన పడిందని. పిల్లకు పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరారని. బూటు కుట్టుకున్నావా, కొత్తది కొనుక్కోరాదా అని. వింటావు గాని పలకవు, నేనేం చేశాను అని. ఒకరోజు ఇట్లా అన్నదట: "మీ ఆఫీసు నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఎంత మర్యాదగా మాట్లాడిందో. నాకు ఒక్క మాటా తెలియలేదు. నిన్ను మెచ్చుకుంటున్నట్టు అనిపించింది. తెలియలేదంటే నీ భార్య చదువురానిదని నవ్వుతారేమో అని ఎస్, థాంక్యూ అన్నాను. సరిగ్గానే అన్నానా?"

ఇది విన్నాక నేను అవ్వ దగ్గర దాచలేకపోయాను. మొత్తం చెప్పాను, క్షమించు. అవ్వ బుగులు పడలేదు. చేతిలో కొంగు మడతపెడుతూ, "నేను గట్లనే అన్న" అన్నది.

అన్నా, ఇది నీకూ తెలియదు. మనల్ని కన్న బాపును కరీంనగర్ దవాఖానలో చేర్చిన రోజు డాక్టర్ బయటికి వచ్చి అవ్వతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడట. అవ్వ తల ఊపి "ఓకే సార్" అన్నదట. ఆయన వెళ్ళిపోయాడు. అవ్వ కిందికి దిగి బాపు కోసం ఇడ్లీ కట్టించుకుని వచ్చింది. మంచం మీద దుప్పటి ముఖం మీదుగా కప్పి ఉంది. "గా ఇడ్లీ పొట్లం వేడి ఇప్పటికీ నా చేతిల ఉన్నది బిడ్డా" అన్నది. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు.

నిన్న వదిన వచ్చింది. అవ్వే పిలిపించింది. అర్థం చెప్పుకుంటూ లియెన్ మాటలు వినిపించాను. వదిన మొదటిదాని దగ్గరే ఏడ్చింది. "నేను చెప్పలే? అలిగిన పెండ్లం గొంతే. నీ అన్న మీద గాదు అలిగింది, గంతే తేడా" అన్నది. నువ్వు ఫోన్ చేస్తే తిట్టనని చెప్పమన్నది. కొంచెం తిడుతుందేమో, నువ్వే పడాలి.

మై లియెన్‌కు ఫోన్ చేసి చెప్పొచ్చు. నేను అదే అడిగాను. మై భయపడింది. "నేను ఆయన్ని చూడలేదు. ఎక్కడో పట్నంలో కూర్చున్న అమ్మాయి ఫోన్ చేసి నీ భర్త లేడంటే ఎందుకు నమ్మాలి?" అన్నది. అవ్వకు ఈ మాట చెప్తే, "గా పిల్లకు తెలివున్నది" అని, చావు కబురు ఎట్లా చెప్పాలో చెప్పింది. మన వాడకట్టులో తాత కాలం నుంచి ఉన్న పద్ధతట. చూసినోడే పోవాలె. గడప లోపలికి పోవద్దు, బయట నిలబడాలె. నేను ఫలానా, మీ మనిషికి నేను గిట్ల అవుతా అని ముందు తన పేరు చెప్పాలె. తర్వాత కబురు చెప్పాలె. నీళ్ళిచ్చినా ముట్టొద్దు. చెప్పంగనే తిరిగిపోవద్దు. లోపలినుంచి ఏడుపు ఇనవడేదాక గన్నే నిలబడాలె. "ఏడుపు ఇనవడ్డంకనే కబురు అందినట్టు. సరే అన్నరని పోయేటోడు కబురు తెచ్చినోడు గాదు" అన్నది.

ఆఫీసు వాళ్ళు "ఎస్" విని ఫోన్ పెట్టేశారు. నేను వాక్యాలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఏడుపు కోసం ఎవరమూ నిలబడలేదు.

కాబట్టి అన్నా, కబురు నువ్వే చెప్పాలి. తెలుగులో చెప్పు. ఇంగ్లీషు ముక్క ఒక్కటి కూడా వద్దు. తువాన్ ఫోన్‌లోంచి, మైని కూడా కలిపి, వీడియో కాల్ చేద్దాం. నువ్వు మీ గది తలుపు బయట నిలబడు. నీ పేరు చెప్పు, నువ్వు ఆయన కింది మంచం మనిషివని చెప్పు. ఆయన "టుమారో" అని పండుకున్నది, బస్సు హారన్ మోగినా లేవనిది, నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. ఒక్కో మాటకు ఆగు. నీ సొంత ఫోన్‌లో నీ మాట విని, నేను వేరే ఫోన్‌లో మైకి ఇంగ్లీషులో చెప్తాను, మై ఆమెకు వాళ్ళ భాషలో చెప్తుంది. నా ఇంగ్లీషుకు ఇంతే పని, నడుమ తెగిన పోగు అతకడం. నేను ఆమెకు కనిపించను, వినిపించను. నా గొంతు విని ఆమె ఇంకోసారి బాధపడొద్దు. ముందుగా మై ఫోన్ చేసి, లియెన్ వాళ్ళ ఇంట్లో పెద్దమనిషిని ఎవరినైనా పక్కన కూర్చోబెట్టిస్తానన్నది.

ఆమె ఏమన్నా, నువ్వు తల ఊపకు. "థాంక్యూ" అంటే అసలు కదలకు. మళ్ళీ చెప్పు. ఏడుపు వినిపించేదాకా నిలబడు. నువ్వు ఒక్కడివే నిలబడనక్కర్లేదు. వదిన, అవ్వ, నేను ఇక్కడ మన గడప బయటే నిలబడి ఉంటాం.

తువాన్‌ను అక్కడే మట్టి చెయ్యాలో, ఇంటికి పంపాలో ఆ తర్వాత ఆమే చెప్తుంది. ఆమె మాటను ఆఫీసుకూ, వాళ్ళ ఎంబసీకీ మై రాసి పెడుతుంది. ఇరవై రెండు దాటితే అడగడానికి ఏమీ మిగలదు.

ఇంకో మాట. ఇరవై ఒకటి ఆదివారం పెత్రమాస, పెద్దల అమావాస్య. బాపు పేరు చదివించి బియ్యం ఇచ్చేటప్పుడు తువాన్ పేరు కూడా చదివిస్తానని అవ్వ అంటుంది. "వాడు నా కొడుకు మీది మంచం మీద పాణమిడిసిండు, మనకు పరాయోడెట్లయితడు" అంటుంది. కానీ పెండ్లానికి తెలియకముందే మొగని పేరు సచ్చినోళ్ళల్లో చదవొద్దట. చదివితే అతను ఎటూ పోలేడట. ఇన్నాళ్ళూ అతను ఎటూ పోలేక ఆ ఫోన్‌లోనే ఉన్నాడేమో అని నాకూ అనిపిస్తోంది.

పిల్ల గొంతు ఇంకోసారి వస్తే వినకు అన్నా. జవాబు చెప్పే రోజు దగ్గరలోనే ఉంది. ఇరవై తారీఖు, శనివారం దాటకుండా ఏ సాయంత్రం నిలబడతావో ఇప్పుడే రాసి పంపు.

నీ చెల్లె,
మమతారాణి